ఒకే మనిషి, రెండు సీసాలు

మా పెదనాన్న పోయి మొన్నటికి ఏడాది. పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ చేసి కణితి తీసేశారు, హమ్మయ్య అనుకున్నాం. కొన్నాళ్ళకి స్కాన్ తీస్తే లివర్‌లో మచ్చలు. "కోసి అవతల పారేశారు కదరా, మళ్ళీ అక్కడికెలా పోయింది?" అని నన్నడిగారు. కంప్యూటర్ తెలిసినవాడికి అన్నీ తెలుసనుకుంటారు కదా ఇంట్లో! అప్పుడు నోరెత్తలేకపోయాను. ఇప్పుడైనా తెలుసుకుందామని తవ్వుతుంటే ఓ పాత కథ దొరికింది.

టెక్సస్‌లో టెంపుల్ అని ఓ ఊరు. అక్కడి స్కాట్ అండ్ వైట్ క్లినిక్‌లో ఆల్బర్ట్ లీబోవిట్జ్ అనే ఆయన, ఆపరేషన్లలో తీసిన పెద్దపేగు కణితుల నుంచి కణాల్ని సీసాల్లో పెంచేవాడు. అలా విడవకుండా పెరిగే కణాల సంతతినే సెల్ లైన్ అంటారు. ఆయన బృందం 1976లో వాటి వివరాలు ప్రచురించింది. అందులో ఓ జంట ఉంది. యాభయ్యేళ్ళ ఒకాయన పేగులోని అసలు కణితి నుంచి వచ్చింది ఎస్‌డబ్ల్యూ480. తర్వాతి ఏడాది జబ్బు తిరగబెడితే, అదే మనిషి లింఫ్ గ్రంథి నుంచి తీసింది ఎస్‌డబ్ల్యూ620. ఎస్‌డబ్ల్యూ అంటే క్లినిక్ పేరే. ఆయన కణాలు మాత్రం ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి.

మనకి వెంటనే ఏం తడుతుంది? డిఫ్ తీస్తే పోలా! ఒకే కోడ్, రెండు వెర్షన్లు. శాస్త్రవేత్తలూ దాదాపు అదే చేశారు. క్రోమోజోములు, కణాల నడవడి అన్నీ పోల్చి, క్యాన్సర్ చివరి దశలు చదవడానికి ఈ జంట పనికొస్తుందని 2000లో ఓ పరిశోధన తేల్చింది.

తీరా చూస్తే ఏపీసీ, కేరాస్, టీపీ53 లాంటి పేరుమోసిన జీన్లలో తప్పులు రెండింట్లోనూ ఒకటే! అంటే మూటాముల్లె చాలావరకు పేగులో ఉండగానే సర్దేసుకుందన్నమాట.

అయితే ఇది శుభ్రమైన డిఫ్ కాదు. రెండు బ్రాంచీలూ దశాబ్దాలుగా ప్లాస్టిక్‌లో విడివిడిగా మారుతూనే ఉన్నాయి. సీసాలో రక్తనాళాలుండవు, రోగనిరోధక శక్తి ఉండదు. పైగా ఇది ఒక్క మనిషి కథ. లేబుళ్ళనీ గుడ్డిగా నమ్మలేం. వేరే రోగిదనుకున్న విడ్ర్ అనే సెల్ లైన్ నిజానికి పాత హెచ్‌టీ-29 సంతతేనని 1987లో బయటపడింది.

అందుకే 2008లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు రోగుల కణితుల్లోనే మ్యుటేషన్లు లెక్కపెట్టి పోల్చారు. వాళ్ళ అంచనా ప్రకారం, పెద్ద పాలిప్ ముదిరిన క్యాన్సర్‌గా మారడానికి సుమారు 17 ఏళ్ళు పడుతుంది. ఆ తర్వాత వేరే అవయవాలకి పాకే శక్తి రావడానికి రెండేళ్ళు కూడా పట్టదు.

పెదనాన్నా, ఇదీ జవాబు. వాళ్ళు కోసింది కణితినే. అప్పటికే కొన్ని కణాలు, ఏ స్కాన్‌కీ కనిపించనంత చిన్నవి, ఊరు దాటేసి ఉంటాయి. మనకి దొరికే టైమంతా ఆ మొదటి పదిహేడేళ్ళలోనే ఉంది. పాలిప్‌గా ఉన్నప్పుడే కొలనోస్కోపీలో తీసేస్తే కథ అక్కడితో సరి. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్ళకే పరీక్ష మొదలెట్టమంటున్నారు. ఇంట్లో ఎవరికైనా వచ్చుంటే ఇంకా ముందే.

మొన్న పెదనాన్న కొడుక్కి ఫోన్ చేశాను. "అన్నయ్యా, నీకు నలభై రెండు. డాక్టర్ దగ్గరికెప్పుడు వెళ్తున్నావ్?" అన్నాను. "ఈ రిలీజ్ అయ్యాక చూద్దాంలేరా" అన్నాడు. మీరూ అదే అంటున్నారా?