ఉగ్గుగిన్నె – పాలసీసా

తణుకు పరిసర గ్రామములలో బారసాలకు పుట్టింటివారు పెట్టెడి వెండి సామానులో ఉగ్గుగిన్నెకు పెద్దపీట. అరచేత నిమిడెడి చిన్న గిన్నె; ఒక ప్రక్కకు పక్షిముక్కువలె సాగిన సన్నని మూతి. కలిగినవారికి వెండిది, లేనివారికి ఇత్తడిది. తమిళులు దీనినే పాలాడై యందురు. అందములో దీనికి సాటివచ్చు పాలసీసాను మేము చూడలేదు. అయితే మేము చెప్పదలచినది అందమును గూర్చి కాదు.

శిశువు పాలు త్రాగుటలో మూడు పనులు కలవు: చీకుట, మ్రింగుట, ఊపిరి తీయుట. ఈ మూడును ఒక లయకు వచ్చుట సాధారణముగా గర్భమునందు 34 వారములు నిండిన పిమ్మటనే. అంతకు మునుపే పుట్టిన బిడ్డ రొమ్ము సరిగా పట్టలేదు, పీకయు చీకలేదు. మ్రింగనేర్చి చీకనేరని యట్టి బిడ్డకు చుక్క చుక్కగా పాలందించునది ఉగ్గుగిన్నె.

సీసా చరిత్ర వేరు. 1845లో న్యూయార్కు వాసి ఎలైజా ప్రాట్ రబ్బరు పాలపీకకు పేటెంటు పొందెను. తరువాత ఇంగ్లండులో పొడవైన రబ్బరు గొట్టము గల సీసాలు ప్రబలెను. బిడ్డ తనంతట తాను త్రాగుచుండగా తల్లి తన పని చూచుకొనవచ్చును. గొట్టములోపల విరిగిన పాలను మాత్రము ఎవరును కడుగలేకపోయిరి. పసివాండ్రను పొట్టబెట్టుకొనుటచే వానికి హంతక సీసాలని పేరు వచ్చినది. 1910లో ఫ్రాన్సు వానిని నిషేధించినది.

మన డెల్టాలో చిక్కు నీటిది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఇచ్చట ఎన్నో యిండ్లకు కాలువనీరే త్రాగునీరైనది. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు చెరువులలో నిలువచేసిన నీరు. ఇండుపగింజ అరగదీసి కలిపినచో బురద అడుగునకు దిగును గాని రోగక్రిములు చావవు. అట్టి నీట జాడించిన సీసా మెడలో, పీక రంధ్రములో ఏమి మిగులునో చెప్పనక్కరలేదు. నోరు తెరచియున్న గిన్నెనైనచో వ్రేలితో తోమి, మరుగునీట వేయవచ్చును. పాలసీసాల ప్రకటనలను మన దేశమున 1992 నాటి చట్టము నిషేధించినది.

1999లో వెలువడిన ఒక భారతీయ పరిశీలనలో, నవజాత శిశువులు సీసాతోకంటె పాలాడైతో తక్కువ కాలములో ఎక్కువ పాలు త్రాగినట్లు తేలినది. 2007లో ఇంగ్లండునుండి వెలువడిన మరొక పరిశీలన అందుకు విరుద్ధముగా, నెలలు నిండని బిడ్డలకు పాలాడైతో ఆలస్యమును, ఒలుకుటయు హెచ్చని చెప్పినది. అలవాటుపడిన చేతికిని పడని చేతికిని గల భేదము ఇందు కొంత యుండునని మా తలంపు.

గ్రహణమొర్రితో పాటు అంగిలియు చీలిన బిడ్డ సంగతి ఇంకను కష్టము. (గ్రహణమునకు దీనితో ఏ సంబంధమును లేదు.) నోటిలో గాలి నిలువదు గనుక బిడ్డ ఎంత చీకినను పాలు రావు. అంగిలి చీలిన కుమార్తెను కన్న ఇంగ్లండు తల్లి మాండీ హేబర్మన్ 1980లలో ఒక సీసాను రూపొందించెను. పాలు వెనుకకు పోకుండ లోపల కవాటము, పీకకు చీలిక. పెంచువారు మెల్లగా నొక్కినచో కావలసినంతయే వచ్చును. చీకుటతో పనిలేకుండ పాలందించుట ఉగ్గుగిన్నె ఎరిగిన విద్యయే.

గిన్నె మంచిదే, అందులో పోసిన ఆముదము, వస మంచివి కావు. పిండిన తల్లిపాలే పోయవలెను. బిడ్డను ఒడిలో కొంచెము నిటారుగా పట్టుకొని, గిన్నె మూతిని పెదవి మూలకు ఆనించి, పోసినది మ్రింగిన పిదపనే మరల వంచవలెను. కాళ్లమీద వెల్లకిల పరుండబెట్టి గొంతులో గుమ్మరించు పాతపద్ధతిలో పాలు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.