సంస్థల వర్గీకరణ: లబ్ధిదారు ప్రాతిపదిక

సంస్థలను చేసే పనిని బట్టి కాక, అవి ఎవరి మేలు కోసం నడుస్తున్నాయో చూసి విభజించే పద్ధతికి సామాజిక శాస్త్రంలో ప్రధాన ఆధారం 1962లో వెలువడిన ‘ఫార్మల్ ఆర్గనైజేషన్స్’ గ్రంథం. రచయితలు వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పీటర్ బ్లౌ, ఆయన శిష్యుడు రిచర్డ్ స్కాట్. అంతకు ఏడాది ముందు అమితాయ్ ఎట్జియోని, కిందివారు పైవారి మాట భయంతో వింటున్నారా, జీతం కోసమా, నమ్మకంతోనా అని అడిగి సంస్థలను మూడు రకాలు చేశాడు. బ్లౌ, స్కాట్ అడిగింది వేరు: ముందుగా లాభపడవలసింది ఎవరు? సభ్యులైతే కార్మిక సంఘం వంటి పరస్పర ప్రయోజన సంఘం. యజమానులైతే వ్యాపార సంస్థ. రోగి, విద్యార్థి వంటి సేవార్థులైతే సేవా సంస్థ. ప్రజలందరూ అయితే ప్రజాహిత సంస్థ. పోలీసు స్టేషన్ చివరి కోవలోది. పోలీసులకు రోజూ పని పడేది నిందితులతో, స్టేషన్ పెట్టింది మాత్రం వాళ్ల కోసం కాదు. ఎదురుగా నిలబడ్డవాడే లబ్ధిదారు కానక్కరలేదన్న ఈ తేడాను పట్టుకోవడంలోనే వర్గీకరణ పదును ఉంది.

దీని మీద పెద్ద అభ్యంతరం 1967లో వచ్చింది. రిచర్డ్ హాల్ బృందం 75 సంస్థలను పరిశీలించి, ఈ వర్గాలకూ సంస్థల అంతర్నిర్మాణానికీ పొంతన అంతంతమాత్రమేనని తేల్చింది. ఆ లెక్కను కాదనలేం. అయితే ఈ పద్ధతి చెప్పేది సంస్థ నిర్మాణం గురించి కాదు, అది ఎక్కడ గాడి తప్పుతుందన్నదాని గురించి. సభ్యుల సంఘానికి ముప్పు పెత్తనం కొద్దిమంది చేతుల్లోకి పోవడం. జర్మనీ సోషల్ డెమోక్రాటిక్ పార్టీలో ఇదే జరిగిందని రాబర్ట్ మిచెల్స్ 1911లోనే చూపించాడు. సేవా సంస్థలో సేవార్థి అవసరం కంటే ఆఫీసు నిబంధనలే ముఖ్యమైపోతాయి. ప్రజాహిత సంస్థ ప్రజల అదుపు దాటుతుంది. వ్యాపారం సంగతి తేలిక, అక్కడ సమస్య సామర్థ్యమే.

ఒకే సంస్థ రెండు మూడు వర్గాల్లోకి వస్తే ఏమిటన్నది మరో ప్రశ్న. నిజమే, విశ్వవిద్యాలయం విద్యార్థిదా, సమాజానిదా అంటే తేల్చడం కష్టం. కానీ కలగలుపు ఉన్నచోటే లబ్ధిదారు ఎవరన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చరిత్రే చూడండి. 1964 చట్టం ప్రకారం ప్రభుత్వం సంఘాల్లో వాటా తీసుకోవచ్చు, రిజిస్ట్రార్ పాలకవర్గాన్ని తొలగించవచ్చు. అప్పుడు ఎన్నికైనవారి కుర్చీలో పైనుంచి నియమించినవాడు కూర్చుంటాడు. కాగితం మీద సభ్యులది, నడకలో సర్కారుది. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, వాడుకలో మ్యాక్స్ చట్టం, ప్రభుత్వ వాటా ధనం లేని సంఘాలకు సొంత నియమావళితో నడిచే వీలిచ్చింది. లబ్ధిదారు ఎవరన్న ప్రశ్నకు శాసనమే జవాబు చెప్పిన సందర్భం ఇది. బిహార్ 1996లో, కర్ణాటక 1997లో ఇలాంటి చట్టాలే చేశాయి.