సేనాని పాలించిన తెలుగునేల

కళింగపట్నం దీపస్తంభం దగ్గర నిలబడి తూర్పుకు చూస్తే సముద్రానికి ఆవల సయాం దేశం గుర్తుకు వస్తుంది. అక్కడ 1932 నుండి సేనానులు తరచు ప్రభుత్వాధిపతులవుతూ వచ్చారు. 1948లో పిబున్ మళ్ళీ గద్దె ఎక్కాడు. 1957లో సరిత్ అతనిని కూలదోశాడు. 2014లో ప్రయుత్ ఆ బాటనే పట్టాడు.

"మనకూ కొన్నాళ్ళు మిలిటరీ వస్తే గాని బాగుపడం, మాస్టారూ" అన్నాడు నా విద్యార్థి ఒకడు. "వచ్చింది నాయనా, తెలుగునేల మీదికే" అన్నాను. అతనికి ఆ సంగతి తెలియదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 18న నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జయంతనాథ్ చౌదురికి లొంగిపోయాడు. చౌదురి మిలిటరీ గవర్నరయి, 1949 చివరిదాకా పాలించాడు.

రజాకార్ల పీడ విరగడయింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వెలువడింది. ఇది చిన్న పని కాదు, కాదనలేము. అయితే గడీలు విడిచి పారిపోయిన దేశముఖులు సైన్యం వెనుకనే ఊళ్ళకు తిరిగివచ్చారు. సంఘం పంచిన భూములను రైతుల చేతుల్లోనుండి లాక్కున్నారు. ముస్లిములపై జరిగిన హింసను గూర్చి సుందర్‌లాల్ సంఘం ఇచ్చిన నివేదికను ప్రభుత్వం దశాబ్దాల తరబడి ప్రకటించలేదు. అడగడానికి శాసనసభ లేదు.

చౌదురి సయాం సేనాని వంటివాడు కాడు. అతని అధికారం ఢిల్లీ ఇచ్చినది; ఢిల్లీ రమ్మన్నప్పుడు తిరిగి పోయాడు. 1962 నుండి 1966 వరకు భూసేనాపతిగా ఉండి, పిమ్మట కెనడాకు హైకమిషనరుగా వెళ్ళాడు. 1950 జనవరి 26న సివిలు ఉద్యోగి వెల్లోడి ముఖ్యమంత్రి అయినాడు. కాని పల్లెల్లో తుపాకి దిగలేదు; 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగేదాకా రైతు నెత్తురు ఒలుకుతూనే ఉంది. దుస్తులు మారినంత మాత్రాన పాలన స్వభావం మారదని దీనివల్ల తేలుతున్నది.

మరి మార్చిందేమిటి? 1952 ఎన్నికల్లో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డిని నెహ్రూకు వచ్చిన వాటికన్న ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. మిలిటరీ గవర్నరు అడగని ప్రశ్నకు రైతు చెప్పిన జవాబు అది. సేనాని శాసనం చేయగలడు. ఆ శాసనం ఎవరి పొలం దాకా వచ్చిందో చెప్పగలిగినవాడు దున్నేవాడే. అతని నోరు నొక్కిన పాలన ఎంత సమర్థమైనదైనా, నా దృష్టిలో గుడ్డిదే.