పోలియో అనంతర అలసట

పోలియో అనంతర అలసట అనగా, పోలియో సోకి కోలుకున్నవారికి సాధారణంగా 15 సంవత్సరాలు లేదా అంతకంటే ఎక్కువ కాలం గడచిన తరువాత కలిగే తీవ్రమైన నిస్సత్తువ. ఇది పోలియో అనంతర సిండ్రోమ్‌ యొక్క ప్రధాన లక్షణాలలో ఒకటి. ఇది అంటువ్యాధి కాదు.

పోలియో వైరస్ వెన్నుపాములోని చాలక నాడీకణాలను నశింపజేస్తుంది. మిగిలిన కణాలు కొత్త శాఖలు వేసి, ఆధారం కోల్పోయిన కండర తంతువులకు కూడా ఆజ్ఞలు అందిస్తాయి. ఏళ్ల తరబడి ఈ అదనపు భారం మోసిన శాఖలు క్రమంగా క్షీణించడమే ఇందుకు కారణమని భావిస్తున్నారు. ఉదయం చురుకుగా ఉన్న వ్యక్తి మధ్యాహ్నానికే చతికిలబడవచ్చు. ఇతరులు దీనిని బద్ధకమని పొరబడుతుంటారు. పట్టుదలకు పోయి శక్తికి మించి వ్యాయామం చేస్తే బలహీనత పెరగవచ్చు. నయం చేసే మందు లేదు. పనిని విడతలుగా చేసుకోవడం, మధ్యలో విశ్రాంతి, తేలికైన కాలిపర్లు ఉపకరిస్తాయి.

భారతదేశాన్ని 2014 మార్చి 27న పోలియోరహితంగా ధ్రువీకరించారు. అయితే రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వంటి ప్రాంతాలలో అంతకుముందు ఈ వ్యాధి సోకినవారికి ఈ అలసట ఇకమీదట కూడా ఎదురుకావచ్చు.