బార్లీ కొలతకు అందని గింజలు

మొలకెత్తిన బార్లీని నానబెట్టి వడకట్టిన నీటిలో ఆల్కహాల్ పోస్తే ఒక పదార్థం అడుగున పేరుకుంటుంది. 1833లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్తలు పాయెన్, పెర్సో దాన్ని వేరుచేసి డయాస్టేజ్ అన్నారు. చిక్కటి గంజిలో అది చిటికెడు పడితే చాలు, గంజి పలచబడి తియ్యగా మారేది. ఎంజైమ్‌ల చరిత్ర ఇక్కడే మొదలైందంటారు. అలా బార్లీయే అన్ని ధాన్యాలకూ కొలత అయిపోయింది. ఆ కొలత చాలా గింజలకు సరిపోదు.

డయాస్టేజ్‌లో ఉన్నవి రెండు ఎంజైమ్‌లని 1920లలో స్పష్టమైంది. ఆల్ఫా అమైలేజ్ పిండిలోని గ్లూకోజ్ గొలుసును ఎక్కడ పడితే అక్కడ తెంచుతుంది. గంజి పలచబడేది అందుకే. బీటా అమైలేజ్ గొలుసు కొస నుంచి రెండేసి గ్లూకోజ్‌ల చొప్పున విడదీసి మాల్టోజ్ అనే చక్కెర చేస్తుంది. తీపి ఎక్కువగా దాని చలవే.

బార్లీ, గోధుమ, రై గింజల్లో బీటా మొలకెత్తకముందే పుష్కలంగా ఉంటుంది. ఆల్ఫా మాత్రం ప్రధానంగా మొలక వచ్చేటప్పుడే పుడుతుంది. గింజలోని పిండం నుంచి జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ అందగానే పొట్టు కింది అల్యురాన్ పొర దాన్ని తయారుచేస్తుంది. కోతకు ముందు వానకు తడిసి వెన్నులోనే మొలకెత్తిన గోధుమతో బ్రెడ్ చేస్తే లోపల బంకబంకగా మిగిలేది ఈ ఆల్ఫా వల్లే. వరి, మొక్కజొన్న, జొన్న ఎండు గింజల్లో బీటా నామమాత్రం. మొలిచాక వచ్చేదీ బార్లీ ముందు తక్కువే.

జొన్నకు ఇంకో చిక్కుంది. బార్లీ పిండి 60 డిగ్రీల దరిదాపుల్లోనే ఉడికి జిగురెక్కుతుంది, జొన్న పిండికి 70 దాకా కావాలి. ఆ వేడికి బీటా అమైలేజ్ నిలవదు. 1988లో నైజీరియా బార్లీ మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) దిగుమతిని నిషేధించినప్పుడు జొన్నకు మళ్లిన బీరు కంపెనీలు ఎంజైమ్‌లను విడిగా కలుపుకోవాల్సి వచ్చింది.

వరి పండే తూర్పు ఆసియా మొలకల జోలికి పెద్దగా పోలేదు, పిండిని విడగొట్టేందుకు బూజును నమ్ముకుంది. జపాన్‌లో అన్నం మీద పెంచే కోజి బూజు నుంచి అమైలేజ్ తీసే పద్ధతికి జోకిచి తకమినె 1894లో అమెరికాలో పేటెంట్ పొందాడు.

చిరుధాన్యాల్లో రాగి తీరు వేరు. మొలకెత్తిన రాగుల్లో ఆల్ఫా అమైలేజ్ బాగా ఉంటుంది. గరిటె జారనంత చిక్కటి జావ కాస్త వేడి తగ్గాక చెంచాడు మొలక పిండి కలిపితే నిమిషాల్లో జారుగా అవుతుంది. పసివాడికి పెట్టే జావను నీళ్లు పోసి పలచన చేస్తే దక్కేది నీళ్లే. మొలక పిండితో పలచన చేస్తే అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది. మొలకెత్తించని రాగి పిండికి ఈ గుణం ఉండదు. మొలకలను మాడేదాకా వేయించినా పోతుంది.