కక్ష్య క్షీణత: గ్రహాల పతనాన్ని కాలంతో కొలిచే విధానం

నక్షత్రానికి అతి చేరువలో తిరిగే భారీ వాయు గ్రహాలు క్రమంగా దానివైపు జారిపోతాయన్నది ఖగోళ శాస్త్రవేత్తల అంచనా. ఆ జారుడును నేరుగా చూడటం సాధ్యం కాదు. దూరానికి బదులు కాలాన్ని కొలుస్తారు. దీనికి బలమైన ఉదాహరణ వాస్ప్-12బి.

బ్రహ్మహృదయ తార ఉన్న ఆరిగా నక్షత్ర మండలంలోనే, మనకు సుమారు 1,400 కాంతి సంవత్సరాల దూరంలో ఈ గ్రహం ఉంది. 2008లో దీని ఆవిష్కరణ వెల్లడైంది. ద్రవ్యరాశిలో గురుగ్రహాన్ని మించిన ఈ గ్రహం తన నక్షత్రానికి దాదాపు 35 లక్షల కిలోమీటర్ల దూరంలోనే తిరుగుతోంది. దాని ఏడాది మన లెక్కలో 26 గంటలు.

గ్రహం ఆకర్షణకు నక్షత్రం ఉపరితలం కొద్దిగా ఉబ్బుతుంది. నక్షత్రం తన చుట్టూ తాను నిదానంగా తిరుగుతుండగా, గ్రహం అంతకంటే వేగంగా దాని చుట్టూ తిరుగుతుంది. దాంతో ఆ ఉబ్బు వెనకబడి గ్రహాన్ని వెనక్కి లాగుతుంది. కోణీయ ద్రవ్యవేగం నక్షత్రానికి బదిలీ అయి, కక్ష్య కుంచించుకుపోతుంది. భూమి, చంద్రుల విషయంలో జరిగేది దీనికి సరిగ్గా విరుద్ధం. భూభ్రమణమే వేగవంతం కనుక చంద్రుడు ఏటా సుమారు 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు.

గ్రహం నక్షత్ర బింబానికి అడ్డు వచ్చే సంఘటనను ట్రాన్సిట్ అంటారు. వాస్ప్-12బి అడ్డు వచ్చినప్పుడు నక్షత్రం వెలుగు 1.4 శాతం మేర తగ్గుతుంది. ఆ తగ్గుదల మధ్య క్షణాన్ని నమోదు చేసి, స్థిరమైన కక్ష్య అయితే రావలసిన సమయంతో పోల్చుతారు. ఇక్కడ పరిభ్రమణ కాలం ఏటా తగ్గేది సుమారు 29 మిల్లీ సెకన్లే. ఒక్క పరిశీలనలో అది దొరకదు. అయితే ఏడాదికి 335 పరిభ్రమణాలు. ప్రతిదీ ముందుదానికంటే రవ్వంత పొట్టిది. ఈ తేడాలు పోగుపడి, పదేళ్లలో ట్రాన్సిట్ దాదాపు 8 నిమిషాలు ముందుగా వస్తుంది. సూర్యుడి చుట్టూ భూమి స్థానం మారడం వల్ల కాంతి చేరే వేళలోనూ ఇంచుమించు అంతే తేడా రావచ్చు. అందుకే సమయాలన్నింటినీ సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి సవరించిన తర్వాతే పోల్చాలి.

ముందుగా వచ్చినంత మాత్రాన పతనమని తేల్చలేరు. దీర్ఘవృత్తాకార కక్ష్య మెల్లగా తిరుగుతున్నా అలాంటి తేడాయే కనబడుతుంది. కానీ అప్పుడు ట్రాన్సిట్‌లు ముందుకు జరిగితే, గ్రహం నక్షత్రం చాటుకు వెళ్లే గ్రహణాలు ఆలస్యం కావాలి. నక్షత్రమే మనవైపు త్వరణంతో కదులుతుండటం మూడో అవకాశం. దీన్ని వర్ణపట పరిశీలన తేలుస్తుంది. 2016లో తొలిసారి గుర్తించిన వాస్ప్-12బి తేడాను ఈ పరీక్షలన్నిటికీ గురిచేశారు. గ్రహణాలు కూడా ముందుగానే వస్తున్నాయని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ యీ బృందం 2020లో చూపింది. త్వరణానికీ ఆధారం దొరకలేదు.

వార్తల్లో తరచూ కనబడే 32.5 లక్షల ఏళ్ల గడువు ప్రస్తుత రేటుతో వేసిన లెక్క మాత్రమే. దగ్గరయ్యే కొద్దీ లాగుడు పెరుగుతుంది కనుక అసలు గడువు అంతకంటే తక్కువ ఉండవచ్చు.

2022లో శ్రేయస్ విస్సాప్రగడ బృందం కెప్లర్-1658బి విషయంలోనూ ఇదే ధోరణిని ప్రకటించింది. పరిభ్రమణ కాలం 3.85 రోజులు, తగ్గుదల ఏటా సుమారు 131 మిల్లీ సెకన్లు. కెప్లర్, పాలోమార్, టెస్ పరిశీలనలు కలిపితే 13 ఏళ్లు. ఆ నక్షత్రం ఇప్పటికే వృద్ధాప్యంలోకి అడుగుపెట్టి ఉబ్బుతోంది.