లూథరన్, కథోలిక సిద్ధాంత భేదాలు

లూథరన్, కథోలిక సంఘాలు రెండూ త్రియేక దేవుణ్ణి ఆరాధిస్తాయి. నైసియా విశ్వాస ప్రమాణాన్ని ఒప్పుకుంటాయి. పసిబిడ్డలకు బాప్తిస్మమిస్తాయి. పాపి దేవుని ఎదుట నీతిమంతుడు ఎలా అవుతాడన్న ప్రశ్న దగ్గర 16వ శతాబ్దంలో వీటి దారులు వేరయ్యాయి. సంస్కారాలు, గురుత్వం, పునీతుల విజ్ఞాపనల విషయంలో ఉన్న భేదాలకు చాలామటుకు ఆ ప్రశ్నే మూలం.

నేపథ్యం

రోమ్‌లో సెయింట్ పీటర్స్ బసిలికా నిర్మాణానికి డబ్బు కూడబెట్టేందుకు, పాపశిక్షను తగ్గిస్తాయని చెప్పే ఇండల్జెన్సు పత్రాలను జర్మనీలో అమ్మారు. విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బైబిలు బోధించే అగస్టీనియన్ సన్యాసి మార్టిన్ లూథర్ 1517 అక్టోబరు 31న 95 ప్రతిపాదనలతో ఈ పద్ధతిని సవాలు చేశాడు. 1521 జనవరిలో పోపు పదవ లియో ఆయన్ని సంఘం నుంచి వెలివేశాడు. లూథర్ సహచరుడు ఫిలిప్ మెలాంక్తన్ 28 అధికరణాలతో కూర్చిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 1530లో వెలువడి, లూథరన్ల మూలపత్రంగా నిలిచింది. కథోలిక సంఘం 1545 నుంచి 1563 వరకు సాగిన ట్రెంట్ మహాసభలో తన బోధను నిర్వచించింది.

నీతిమంతులుగా తీర్చబడటం

లూథర్ బోధలో నీతి బయటి నుంచి వచ్చే దానం. క్రీస్తు నీతిని దేవుడు విశ్వాసి లెక్కలో వేస్తాడు; మనిషి దాన్ని విశ్వాసంతో అందుకుంటాడు, అంతే. సత్క్రియలు తప్పకుండా వస్తాయి, కానీ అవి రక్షణకు ఫలమే గాని కారణం కావు. విశ్వాసి బతికినంత కాలం ఏకకాలంలో నీతిమంతుడూ, పాపీ.

ట్రెంట్ మహాసభ 1547 జనవరిలో దీనికి జవాబిచ్చింది. కృప లేకుండా ఎవరూ రక్షణ పొందలేరని, మనిషిలో మొదటి అడుగు వేసేది దేవుడేనని అది కూడా గట్టిగా చెప్పింది. అయితే నీతి లెక్కలో వేసినంతతో ఆగదు, కృప మనిషిని లోపలి నుంచి నిజంగా మారుస్తుంది. ఆ కృపకు మనిషి సమ్మతించి సహకరించాలి, విశ్వాసానికి ప్రేమ తోడవ్వాలి. ఈ నీతి పెరగవచ్చు, మరణకరమైన పాపం వల్ల పోనూవచ్చు. బాప్తిస్మం తర్వాత మిగిలే దురాశను లూథరన్లు పాపమే అంటారు. కథోలికులు పాపానికి పురికొల్పే బలహీనత అంటారు.

లేఖనం, సంప్రదాయం

లూథరన్లకు సిద్ధాంతాన్ని తూచే అంతిమ ప్రమాణం లేఖనమే. విశ్వాస ప్రకటనలకు, మహాసభలకు గౌరవం ఉన్నా వాటి విలువ లేఖనంతో ఏకీభవించినంత మేరకే. కథోలికులు లేఖనాన్ని, అపొస్తలుల నుంచి వచ్చిన సంప్రదాయాన్ని కలిపి స్వీకరిస్తారు. వాటికి అధికారికంగా అర్థం చెప్పే బాధ్యత పోపుతో ఐక్యంగా ఉన్న పీఠాధిపతులది. కథోలిక బైబిలులో 73 గ్రంథాలున్నాయి. తోబీతు, యూదితు, మక్కబీయుల వంటి ఏడు గ్రంథాలను లూథర్ చదవదగినవిగా భావించి తన జర్మన్ బైబిలులో విడిగా ఉంచాడు, కానీ లేఖనంతో సమానమని ఒప్పుకోలేదు.

సంస్కారాలు

కథోలికులకు సంస్కారాలు ఏడు: జ్ఞానస్నానం (బాప్తిస్మం), భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం (ప్రభువు భోజనం), పాపసంకీర్తనం (పాప ఒప్పుకోలు), వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, గురుపట్టం, వివాహం. క్రీస్తు ఆజ్ఞ, కంటికి కనిపించే గుర్తు, పాపక్షమాపణ వాగ్దానం మూడూ ఉండాలన్న నియమంతో లూథరన్లు బాప్తిస్మాన్ని, ప్రభువు భోజనాన్ని సంస్కారాలుగా లెక్కిస్తారు. పాప ఒప్పుకోలును వాళ్లు వదిలిపెట్టలేదు. ఆగ్స్‌బర్గ్ ప్రకటన దాన్ని సంఘంలో నిలిపి ఉంచింది.

ప్రభువు భోజనంలో క్రీస్తు శరీరం నిజంగా ఉందని రెండు సంఘాలూ నమ్ముతాయి. 1529లో మార్బర్గ్ కోటలో స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీతో వాదానికి కూర్చున్నప్పుడు, లూథర్ రొట్టెను గురించి క్రీస్తు పలికిన మాటను లాటిన్‌లో సుద్దముక్కతో బల్ల మీద రాసుకున్నాడు. అది కేవలం గుర్తు అన్న వాదానికి ఆయన ఒప్పుకోలేదు, సంస్కర్తల ఐక్యత అక్కడే ఆగిపోయింది. లూథరన్లకు, కథోలికులకు మధ్య భేదం క్రీస్తు సన్నిధిని వివరించే తీరులో ఉంది. రొట్టె, ద్రాక్షారసాల సారమే పూర్తిగా మారిపోతుందని, పైకి కనిపించే రూపం మాత్రం మిగులుతుందని కథోలిక బోధ. రొట్టె రొట్టెగానే ఉంటూ దానిలో, దానితో, దాని కింద క్రీస్తు శరీరం ఉందని లూథరన్ బోధ. దివ్యబలిపూజలో క్రీస్తు సిలువ బలి మళ్లీ మన ముందు నిలుస్తుందని కథోలికులు విశ్వసిస్తారు. లూథరన్లకు అది మనిషి దేవునికి చేసే అర్పణ కాదు, దేవుడు మనిషికిచ్చే వరం.

గురుత్వం, పోపు, పునీతులు

కథోలిక సంఘంలో గురుపట్టం అపొస్తలుల పరంపరలోని పీఠాధిపతి చేతుల మీదుగా వస్తుంది. లాటిన్ ఆచారంలో గురువులు సాధారణంగా అవివాహితులు. విశ్వాసులందరూ యాజకులేనని, పాస్టరు వాక్యానికి, సంస్కారాలకు నియమితుడైన పరిచారకుడని లూథరన్ల భావన. లూథరే 1525లో కాథరీనా ఫాన్ బోరాను వివాహమాడాడు. 1870లో ప్రకటించిన పోపు తప్పిదరాహిత్యాన్ని లూథరన్లు అంగీకరించరు.

మరియమాతను దేవమాతగా ఇద్దరూ గౌరవిస్తారు. అయితే ఆమె నిష్కళంక జననం (1854), మోక్షారోపణ (1950) విశ్వాస సత్యాలు కావని, పునీతులను వేడుకోవడానికి, మరణం తర్వాత ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలానికి లేఖన ఆధారం లేదని లూథరన్లు అంటారు.

తెలుగు నేల

అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. ఆ మిషన్ కృషి నుంచి 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. అదే గుంటూరు కేంద్రంగా 1940లో కథోలిక మేత్రాసనం నెలకొంది. అందువల్ల ఈ ప్రాంతంలో రెండు సంప్రదాయాలూ ఇరుగుపొరుగున సాగుతున్నాయి.

నేటి స్థితి

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం ఉమ్మడి ప్రకటనపై సంతకం చేశాయి. నీతిమంతులుగా తీర్చబడటంలో మౌలిక సత్యాలపై ఏకాభిప్రాయం కుదిరిందని, ఆ ప్రకటనలో వివరించిన లూథరన్ బోధకు ట్రెంట్ ఖండనలు వర్తించవని అందులో ఉంది. ఇది చిన్న విజయం కాదు: చీలికకు మూలమైన ప్రశ్న మీదే ఇరువురూ ఒక మాటకు వచ్చారు. మిస్సోరి సినడ్ వంటి కొన్ని లూథరన్ సంఘాలు మాత్రం దీన్ని ఆమోదించలేదు. సంఘ స్వరూపం, గురుత్వం, పోపు అధికారంపై భేదాలు తీరలేదు. ఆ కారణంగా ఈ రెండు సంఘాలకూ ప్రభువు భోజనంలో పూర్తి సహభాగిత్వం నేటికీ లేదు.